పెనుకొండ ఎక్కిన మాట

పెనుకొండ కోట ఎక్కుతూ సగం దారిలో ఒక బండ మీద కూలబడ్డాను. వెంట వచ్చిన మిత్రుడిది హిందూపురం. ఇంట్లో తెలుగు, అమ్మమ్మగారి ఊళ్ళో కన్నడం. రెండూ అతని నాలుక మీద గొడవ పడకుండా కాపురం చేస్తుంటాయి. వెనక్కి తిరిగి చూసి, "ఏమప్పా, ఆయాసమా?" అన్నాడు. రొప్పుతూనే తలూపాను. "అయితే కొంచేపు ఆ నీడలో పండుకో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊపిరి అందని మనిషిని పడుకోమంటాడేమిటి? లేపి కూర్చోబెట్టాలి గదా!

కాసేపటికి సంగతి తేలింది. ఇద్దరం ఒకే మాటతో రెండు విషయాలు మాట్లాడుకున్నాం. నా ఆయాసం ఛాతీలో ఉంది. అతని ఆయాసం ఒళ్ళంతా ఉంది. కన్నడంలో ఆయాస అంటే అలసట, అంతే. ఆ అర్థాన్ని అతను అమ్మమ్మ ఊరి నుంచి తెచ్చుకుని తెలుగు వాక్యంలో కూర్చోబెట్టాడు. ఆ యాసలో ఆయాసం ఒకటి, ఈ యాసలో మరొకటి.

ఎక్కడం మానేసి మాట పట్టుకున్నాను. అలవాటు.

సంస్కృతంలో ఆయాసమంటే మొదట శ్రమ, ప్రయత్నం. తర్వాత ఆ శ్రమ వల్ల కలిగే బడలిక. ప్రయాస దానికి సొంత చెల్లెలు. అనాయాసంగా అంటే శ్రమ లేకుండా. పెద్దవాళ్ళు అనాయాస మరణం కోరుకుంటే ఉబ్బసం లేని చావు కావాలని కాదు, ఎవరికీ కష్టం కలగకుండా పోవాలని. హిందీలో అనాయాస్ ఇంకా వదులైపోయి, అనుకోకుండా, తనంతట తాను అనే దాకా వచ్చింది. మరాఠీలో సాయాస్ అంటే కష్టపడి చేసే యత్నం. హిందూపురానికి మరాఠీ కొత్త కాదు. మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే తండ్రి హిందూరావు పేరు మీదనే ఆ ఊరు వెలిసిందని చెబుతారు.

ఇప్పుడు దక్షిణాదిని చూడండి. మలయాళంలో ఆయాసమంటే నేటికీ బలం పెట్టి చేసే శ్రమ. కన్నడంలో, తమిళంలో అలసట. తెలుగులో ఎగశ్వాస. మలయాళి పని చేస్తాడు, కన్నడిగుడు అలసిపోతాడు, తెలుగువాడు రొప్పుతాడు. ఒకే కొండ ఎక్కేవాడి మూడు దశలను మూడు రాష్ట్రాలు పంచుకున్నట్టుంది. మన పాత తెలుగులోనూ ఆయాసమంటే శ్రమే. అది మెల్లగా కాళ్ళ నుంచి పైకి జరిగి ఛాతీలో స్థిరపడింది. అలుపు, అలసట, బడలిక, సొలుపు అని మనకు అలసటకు సొంత మాటలు దండిగా ఉన్నాయి కాబట్టి, వచ్చిన చుట్టానికి వేరే గది ఇచ్చామని నా ఊహ.

ఇలాంటి చుట్టం ఇంకొకటి ఉంది. పారసీకంలో సుస్తీ అంటే మందకొడితనం. హిందీలో అది బద్ధకం. కన్నడంలో సుస్తు అంటే అలసట. తెలుగులో సుస్తీ చేసిందంటే జబ్బు. దిల్లీలో తిట్టు, బెంగళూరులో ఫిర్యాదు, హిందూపురం దాటితే మందులచీటీ. మొత్తానికి తెలుగువాడి దగ్గరకు వచ్చిన ఏ అలసటైనా ఆసుపత్రి దాకా వెళ్ళకుండా ఊరుకోదు.

తిరిగి ఆయాసానికి. ఇందులో ధాతువు యస్. ముందే ఒక హెచ్చరిక: వ్యాయామం, ప్రాణాయామం దీని చుట్టాలు కావు. వాటిలో ఉన్నది యమ్, అంటే చాచడం, అదుపు చేయడం. ఆయామం అంటే పొడవు, ఆయాసం అంటే శ్రమ. ఒక్క అక్షరం తేడాతో రెండు వంశాలు. వ్యాయామం చేస్తే ఆయాసం వస్తుందన్నది శరీరానికి సంబంధించిన నిజం, వ్యాకరణానికి సంబంధించింది కాదు.

యస్ ధాతువుకు వేదకాలపు అర్థం వింటే ఆశ్చర్యమేస్తుంది. నురగ కట్టడం, పొంగడం. ఆ తర్వాతే వేడెక్కడం, శ్రమించడం. నిర్యాసమనే మాటలో ఆ పాత అర్థం ఇంకా సజీవంగా ఉంది. నిర్యాసమంటే చెట్టు కాండం నుంచి పొంగి కారే బంక. మన వైపు పొలం గట్టున తుమ్మచెట్టుకు గాటు పెడితే కారేది అదే. ఈ ధాతువు పుట్టిన మూలమే పడమటికి పోయి గ్రీకులో మరగడమయింది. చర్మం మీద పొంగి వచ్చే ఎగ్జిమా దాని బిడ్డ. ఇంగ్లీషులో పిండిని పొంగించే ఈస్ట్ అయింది. అంటే ఆయాసం, ఎగ్జిమా, ఈస్ట్ ఒకే తల్లి పిల్లలు. చిన్నప్పుడు ఎగ్జిమా వచ్చిన పిల్లల్లో కొందరికి తర్వాత ఉబ్బసం కూడా వస్తుందని డాక్టర్లు చెబుతారు. వాళ్ళు ధాతుపాఠం చూసి చెప్పలేదు గాని, నాకు మాత్రం కుటుంబ సంబంధం కనపడుతుంది.

ఈస్ట్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గాలి తగలకపోయినా బతికే విద్య దానికి తెలుసు. బెల్లం నీళ్ళలో పడేస్తే ఆక్సిజన్ లేకుండానే చక్కెరను విరగ్గొట్టి, బతకడానికి కావలసినంత శక్తి లాక్కుని, మిగతాది సారాయిగా, నురగగా వదిలేస్తుంది. బెల్లం మండీలున్న హిందూపురంలో ఇది ఎవరికీ చెప్పనక్కరలేని రహస్యం. ఇడ్లీ పిండిలో పనిచేసేవి ముఖ్యంగా వేరే జీవులు. అవి చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి పిండికి పులుపు, పొంగు తెస్తాయి. మన కాలి కండరానికీ ఆ రెండో విద్య తెలుసు. పరుగు హెచ్చి, వచ్చే ఆక్సిజన్ సరిపోకపోతే అదీ చక్కెరను సగంలోనే విరగ్గొట్టి లాక్టేట్ చేస్తుంది. రాత్రి వంటింట్లో గిన్నెలో జరిగేదే పగలు కొండ మీద పిక్కలో జరుగుతోందన్నమాట. పొంగడమనే పాత అర్థం మాట లోపల ఇన్ని వేల ఏళ్ళు ఊరకే కూర్చోలేదు.

వేడి సంగతీ అంతే. కండరం ఖర్చుపెట్టే శక్తిలో పనిగా మారేది నాలుగో వంతో, అంతకంటే తక్కువో. మిగిలిందంతా వేడి. కొండ ఎక్కేవాడు నిజంగానే మరుగుతున్న కుండ.

ఇక ఈ కథలో కాలికి, ఊపిరికి లెక్క కట్టిన మొదటి మనిషిని పిలవాలి. పారిస్‌లో రసాయన శాస్త్రవేత్త లవోజియే, అతని సహాయకుడు సెగ్విన్. 1790 ప్రాంతం. సెగ్విన్ ముఖానికి ముసుగు బిగించుకుని కూర్చుని ఒక పెడల్‌ను కాలితో తొక్కుతుంటాడు. అతను పీల్చే ఆక్సిజన్‌ను లవోజియే కొలుస్తాడు. పక్కన బల్ల దగ్గర లవోజియే భార్య మరీ ఆన్ లెక్కలు రాసుకుంటూ ఉంటుంది. ఆ దృశ్యాన్ని ఆమే బొమ్మ గీసింది. ఖాళీ కడుపుతో ఊరకే కూర్చున్నప్పుడు గంటకు సుమారు 24 లీటర్ల ఆక్సిజన్. కాలు ఆడిస్తూ పని చేస్తే 60 లీటర్లు దాటింది.

ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ధర్మవరం గుర్తొస్తుంది. గుంట మగ్గం అంచున కూర్చుని, గుంటలోకి కాళ్ళు వేలాడేసి, పడుగు పోగులు విడిపోయేందుకు తొక్కుడు చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కే నేతగాడు. పైన చేతులాడుతుంటాయి, చీర పెరుగుతుంటుంది, చూసేవాళ్ళ కళ్ళు అంచు మీద ఉంటాయి. కింద గుంటలో కాళ్ళను ఎవరూ చూడరు. సెగ్విన్ తొక్కినదీ అలాంటి చెక్కే. అతని ఒళ్ళో చీర లేదు, అంతే తేడా.

లవోజియే ఆ లెక్కలు చూసి ఊరుకోలేదు. ఒళ్ళు వంచి బతికే పేదవాడు ఎక్కువగా ఖర్చైపోతున్నాడు, పూడ్చుకోవడానికి అతనికే తిండి తక్కువ. కూర్చుని తినేవాడికి ఖర్చు తక్కువ, తిండి ఎక్కువ, ఇదేం న్యాయమని ఆ లెక్కలు వెల్లడించిన వ్యాసంలోనే వాపోయాడు. శాస్త్రవేత్త రాసిన ఆ మాటలు నాకు ఆ 60 లీటర్ల కంటే బలంగా గుర్తున్నాయి. విప్లవం మాత్రం అతన్ని పన్నులు వసూలు చేసే గుత్తేదారుగానే చూసింది. 1794లో తల తీసింది.

పేర్ల విషయంలో మాత్రం లవోజియే పప్పులో కాలేశాడు. ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలమనుకుని గ్రీకు ముక్కలతో ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. మనవాళ్ళు శ్రద్ధగా అనువదించి ఆమ్లజని అన్నారు. పొరపాటును కూడా భక్తితో తర్జుమా చేసిన జాతి మనది. ఆ తర్వాత ప్రాణవాయువు అన్నారు. అదే సరైన మాట. ప్రాణంలో ఉన్నది శ్వాసించడమనే ధాతువే.

ఊపిరికీ ప్రాణానికీ మధ్య గోడ మన భాషల్లో ఎప్పుడూ పలచనే. తమిళంలో ఉయిర్ అంటే ప్రాణం. కన్నడంలో ఉసిరు అంటే ఊపిరి. తెలుగులో ఉసురు ప్రాణమూ అయింది, తగిలితే శాపమూ అయింది. పనయిపోయి ఉసూరుమని కూలబడడంలో అది మళ్ళీ ఊపిరిగా బయటకొస్తుంది. నిట్టూర్పు అంటే నిడు ఊర్పు, పొడుగు ఊపిరి. దమ్ము పారసీకం, దమ్ అంటే శ్వాస. మనం దాన్ని బీడీ పీల్చడానికి వాడుకున్నాం, బిర్యానీ మూత పెట్టడానికి వాడుకున్నాం, చివరికి ధైర్యానికి వాడుకున్నాం. దమ్ముంటే రా అని తొడ కొట్టేవాడు నిజానికి ఊపిరితిత్తుల సామర్థ్యం గురించి సవాలు విసురుతున్నాడు. తొడ కొట్టడం ఇంకా సముచితం. ఆక్సిజన్‌ను వాడేది ఆ తొడే కదా.

మళ్ళీ కొండ మీదికి. ఊరకే కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి మూడున్నర మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడు. నిటారు మెట్లెక్కితే అది ఆరేడు రెట్లవుతుంది. విశ్రాంతిలో గుండె పంపే రక్తంలో కండరాలకు దక్కేది ఐదో వంతుకు మించదు. గట్టిగా శ్రమిస్తే ఐదింట నాలుగు వంతులు అవే లాక్కుంటాయి. కానీ కాలు కదిలిన క్షణానికే ఊపిరి పెరిగిపోయి సరఫరా అందుకోలేదు. సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మరి ఈలోగా?

ఈలోగా చేబదులు. ఆ చేబదులు ఏ డబ్బాలో ఉంటుందో కనిపెట్టినవారిలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియేటిన్ ఉందని తేల్చారు. మొదటి కొద్ది సెకన్ల పనికి కండరం తీసేది ఆ చిల్లరే. 1929లో కండరానికి అసలు ఇంధనమైన ఏటీపీ కూడా వాళ్ళ చేతికి చిక్కింది. అదే ఏడాది జర్మనీలో లోమన్‌కూ దొరికింది. ఎవరైనా ఉరికేటప్పుడు పిక్కబలం చూపించాడంటాం. ఆ పిక్కబలం రసాయనమేమిటో చెప్పినవాడు తెలుగువాడు. ఆ నుడికారం వాడేటప్పుడల్లా ఆయన్ను ఒకసారి తలుచుకుంటాను.

చిల్లర అయిపోతే లాక్టేట్, అదీ అప్పే. 1920లలో ఇంగ్లండులో ఏ.వి. హిల్ తన సహచరులతో కలిసి, వీపున గాలిసంచీ కట్టుకుని తానే పరుగెత్తి కొలిచి, దీనికి ఆక్సిజన్ అప్పు అని పేరు పెట్టాడు. పరుగు ఆగాక కూడా మనిషి రొప్పుతూ ఉండేది ఆ బాకీ తీర్చడానికే అన్నాడు. తర్వాతివాళ్ళు ఖాతా తిరగేసి, ఆ రొప్పులో లాక్టేట్ వాటా కొంతే, చిల్లర డబ్బా నింపడం, రాజుకున్న ఒళ్ళు, పరుగెత్తిన గుండె, వాటి ఖర్చులు ఇంకా ఉన్నాయని సరిచేశారు. అసలు కంటే పైఖర్చులు ఎక్కువన్నమాట. మగ్గాలున్న ఊళ్ళో ఈ ఉపమానాన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక సూక్ష్మం మాత్రం చెప్పాలి. కొండెక్కి రొప్పే ఆరోగ్యవంతుడి రక్తంలో ఆక్సిజన్ పెద్దగా తగ్గదు. ఊపిరిని తరిమేది ఎక్కువగా పుట్టే బొగ్గుపులుసు వాయువు, పెరిగే ఆమ్లం, కాళ్ళ నుంచీ మెదడు నుంచీ వచ్చే సంకేతాలు. ఊపిరి ఆడటం లేదని మనమంటాం గాని, నిజానికి అది మరీ ఆడుతోంది. అంటే కాలు చేసిన పనికి ఛాతీ జవాబు చెబుతోంది. ఆయాసాన్ని కాలి నుంచి ఛాతీకి మార్చిన తెలుగువాడు అప్పు తీసుకున్న చోటు వదిలేసి, తీర్చే చోటికి పేరు పెట్టాడు. కన్నడిగుడు తీసుకున్న చోటే ఉంచాడు. ఇద్దరిదీ ఒకే పద్దు.

నా మిత్రుడికి ఇదంతా చెప్పేసరికి నీడ జరిగిపోయింది. "ఇంత మాట్లాడగలిగితే ఆయాసం లేనట్టే, లెయ్" అన్నాడు. ఈసారి ఏ భాషలో అన్నా నిజమే.

పెను అంటే పెద్ద. పెనుగాలి, పెనుభారం, పెనుకొండ. సంస్కృతం వాళ్ళు ఘనగిరి అని తర్జుమా చేసుకున్నారు. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని తరలించుకొచ్చింది ఇక్కడికే. తరిమే సైన్యానికి ఆయాసం తెప్పించే చోటు కాబట్టే కదా! తెలుగులో కొండెక్కడం చమత్కారమైన మాట. ధరలు కొండెక్కితే పెరిగినట్టు. దీపం కొండెక్కితే ఆరినట్టు. ఆరిందనడం అశుభం కాబట్టి పంపేటప్పుడు కూడా మర్యాదగా పైకి పంపుతాం. శ్వాస కూడా మెల్లగా మండే దీపమేనని లవోజియే అన్నాడు. దీపం కొండెక్కడమనే మాట తెలిసి ఉంటే సంతోషించేవాడు.

ఎక్కువ అనే మాట ఎక్కు నుంచి వచ్చింది. తక్కువ తగ్గు నుంచి. మన భాషలో ఎక్కినవాడిదే ఎక్కువ. పెనుకొండ మీద అది అక్షరాలా ఆక్సిజన్ లెక్క. దిగేటప్పుడు చూడండి. అదే బరువు, అవే కాళ్ళు, అవే మెట్లు, అయినా ఊపిరి ప్రశాంతంగా ఉంటుంది. నా మిత్రుడు దిగుతూ పాట కూడా ఎత్తుకున్నాడు.

1952లో ఇంగ్లండులో అబాట్, బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు దీన్ని భలేగా పట్టుకున్నారు. రెండు సైకిళ్ళను వీపు వీపు ఆనేలా నిలిపి, గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతారు. రెండోవారి పెడళ్ళు వెనక్కి తిరుగుతుంటే ఆపడానికి కాలు అదిమి పెడతారు. ఇద్దరి కాళ్ళ మీదా బలం ఒకటే. కానీ ఆపే మనిషికి అయ్యే ఆక్సిజన్ ఖర్చు చాలా తక్కువ. దీన్ని ప్రదర్శించినప్పుడు పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న రిచీ చెమటలు కక్కుతూ తొక్కుతుంటే, చిన్నపాటి మనిషి బ్రెండా బిగ్లండ్ సునాయాసంగా ఆపిందట. సునాయాసంగా అనే మాటను వ్యాకరణం ఒప్పదు, అనాయాసమే సరి. కానీ జనం నోట అది ఎప్పుడో గెలిచింది, ఆమెలాగే.

ఆ రిచీనే పెళ్ళాడిన బ్రెండా, తర్వాత 1976లో వుడ్స్‌తో కలిసి కాలి కండరాల్లో పుట్టే విద్యుత్ సంకేతాలనూ, ఆక్సిజన్‌నూ ఒకేసారి కొలిచింది. అందులో తేలిందిది: తొక్కేటప్పుడైనా, ఆపేటప్పుడైనా బలం పెరిగేకొద్దీ రెండూ పెరుగుతాయి. కానీ ఆపే పనికి తక్కువ నారలు లేస్తాయి, లేచిన ఒక్కో నార తాగే ఆక్సిజన్ కూడా బాగా తక్కువ. కండరం కుదించుకుంటూ లాగడం వేరు, సాగుతూ నిలువరించడం వేరు.

కింద కారంబొరుగులు తిని ఎవరి దారిన వాళ్ళం పోయాం.

మర్నాడు పొద్దున మంచం దిగబోతే తొడల ముందు భాగం పగిలిపోతోంది. ఎక్కినందుకు కాదు, దిగినందుకు. సాగుతూ బరువు మోసిన నారలకు చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. ఆ నొప్పి మర్నాడు, ఆ మర్నాడు తెలుస్తుంది. లాక్టేట్‌ను తిట్టడం దండగ, అది నిన్న గంటలోపే వెళ్ళిపోయింది. పిక్కలు మాత్రం బాగానే ఉన్నాయి. కన్నడంలో పిక్కను మీనఖండ అంటారు, చేప ముక్క. తమిళంలోనూ కెండై అనే చేప పేరే. ఇంగ్లీషువాళ్ళ మజిల్ లాటిన్‌లో చిట్టెలుక. చర్మం కింద ఏదో కదులుతోందని అందరికీ తోచింది, ఏది కదులుతోందన్న దగ్గరే పేచీ.

తొమ్మిదింటికి హిందూపురం నుంచి ఫోను. "ఆయాసం పోయిందా అప్పా?"

గోడ పట్టుకుని నిలబడి ఆలోచించాను. "మాది నిన్న కొండ మీదనే పోయింది," అన్నాను, "మీది ఇంకా ఉంది."